గుట్ట పోరంబోకులో ఒక చిన్న గంప

పోయిన ఏడాది అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టి వదిలిన మరునాడు, పొద్దు పొడవక ముందే మా ఊరి గుట్ట ఎక్కాను. మాది కడప జిల్లాలో జమ్మలమడుగు వైపు. గండికోట దగ్గర పెన్న కోసుకుని పోయిన ఎర్రమల కొండలకు మా గుట్ట దూరపు చుట్టం అనుకోవచ్చు. ఎరుపూ బూడిదరంగూ కలిసిన గట్టి రాయి, అక్కడక్కడ బోద, నెర్రెల్లో నాలుగైదు జాన చెట్లు. తూర్పు వాలులో ముందుకు పొడుచుకు వచ్చిన ఒక బండ అంచు కింద, వాన నేరుగా తగలని చోట, చిటికెనవేలి మొదటి కణుపంత పొడవున్న గూడు ఒకటి రాయికి అంటుకుని కనిపించింది.

మొదట సాలీడు పని అనుకున్నాను. భూతద్దం పెట్టి చూస్తే అది దారం కాదు, వెంట్రుక. ఒక్కొక్క వెంట్రుకను నిలువుగా, అడ్డంగా, ఇంచుమించు సమానమైన ఎడంతో పేర్చి, రెండు వెంట్రుకలు కలిసిన ప్రతిచోటా కంటికి ఆననంత సన్నని పట్టుతో ముడి వేసి ఉంది. మా ఇళ్ళలో కోడిపిల్లల మీద బోర్లించే వెదురు గంపను చీమంత మనిషి ఎవరైనా అల్లితే అచ్చం అలాగే ఉంటుంది. ఆ గంప నట్టనడుమ, ఏ గోడకూ తగలకుండా, కొన్ని పోగుల ఆధారంతో గాలిలో నిలిపినట్టుగా గోధుమరంగు ప్యూపా, అంటే రెక్కలు రావడానికి ముందు కదలక పడి ఉండే దశలోని పురుగు, ఉంది. గంప బయట, రాయి మీద, నలిగిపోయిన చిన్న తోలు ముద్ద ఒకటి పడి ఉంది. అది లోపలి పురుగు చివరిసారి విడిచిన చర్మం. దాన్ని కూడా ఆ కంతల్లోంచి బయటికి నెట్టి, లోపల శుభ్రం చేసుకుని మరీ నిద్రకు ఉపక్రమించింది.

ఆ వెంట్రుకలు ఎక్కడివి అన్నదే ఈ పనిలోని అసలు విశేషం. అవి ఆ గొంగళిపురుగు సొంత ఒంటివి. ఒంటి నిండా పొడవాటి నూగుతో బతికిన పురుగు, ప్యూపాగా మారే ముందు తన నూగును తానే పీక్కుని, వాటినే వాసాలుగా నిలబెట్టి, నోటి నుంచి వచ్చే పట్టుతో కట్టుకుంటూ తన చుట్టూ తాను గూడు అల్లుకుంటుంది. గూటి గోడకూ ప్యూపాకూ మధ్య ఖాళీ ఉంటుంది గనుక చీమ దవడ అంత తేలిగ్గా లోపలి దాన్ని అందుకోలేదు. పట్టుపురుగు తన చుట్టూ మూసుకుపోయే కాయ కట్టుకుంటుందని అందరికీ తెలుసు. ఇది మాత్రం గాలీ వెలుగూ ఆడే గూడు కట్టుకుంటుంది.

తొమ్మిది సాయంత్రాలు టార్చిలైటు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చాను. తొమ్మిదో నాటి చీకట్లో గంప ఒక కొన విచ్చుకుని ఉంది. దానికి జానెడు ఎగువన, ఇంకా తడి ఆరని రెక్కలతో, పాలవంటి తెలుపు మీద నిప్పుకణిక రంగు అడ్డపట్టీలతో, నడుమ నల్ల చుక్కలతో చిన్న చిమ్మట ఒకటి రాయిని పట్టుకుని ఉంది. రెక్కలు చాచినా మూడు సెంటీమీటర్లకు మించదు. ఆ గంపనూ ఆ పట్టీలనూ బట్టి అది సయానా అనే ప్రజాతికి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకు, చెందినదని చెప్పవచ్చు. ఆ ప్రజాతికి 1854లో కీటక శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ వాకర్ ఆ పేరు పెట్టాడు. జాతి పేరు మాత్రం రెక్కల రంగు చూసి రాసేది కాదు. ఈ చిమ్మటల్లో ఒకదాన్ని పోలిన జాతులు చాలా ఉండడం వల్ల, జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి తేల్చడమే సరైన పద్ధతి. ఒక్క పేరు కోసం ఆ రాత్రి కళ్ళు తెరిచిన ప్రాణిని సీసాలో వేయడానికి నాకు మనసు రాలేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ చిమ్మట ఒక్కటే కాదు, ఆ బండ గురించి నేను చదివిన ఒక వాక్యం కూడా. మా గుట్ట రెవెన్యూ లెక్కల్లో గుట్ట పోరంబోకు. అంటే సాగుకు పనికిరానిది, శిస్తు రానిది, ఎవరి పట్టాలోనూ లేనిది. దాని పడమటి భాగాన్ని కంకర కోసం లీజుకు ఇచ్చే ప్రయత్నం జరుగుతున్నప్పుడు, ఆ దస్త్రంలోని పర్యావరణ నివేదిక నకలు చదివే అవకాశం నాకు వచ్చింది. ఆ స్థలమంతా వట్టి రాయి గనుక చెప్పుకోదగిన మొక్కలు గానీ జంతువులు గానీ లేవని అందులో ఒక ముక్క ఉంది. దాన్ని తయారు చేసిన వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. వారు వచ్చింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, జీపు దిగి చూసిపోయారు. ఆ వేళకు మా గుట్ట మీద తొండ కూడా తిరగదు. అయినా ఆ వాక్యం తప్పు. ఎందుకు తప్పో, దాన్ని అలాగే వదిలేస్తే ఏం పోతుందో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు ఆ చిమ్మట ఏం తిని బతుకుతుందో చెప్పాలి. బండల మీద బూడిదరంగు, నిమ్మపండు రంగు, కాషాయం, మసి నలుపు మచ్చలు మచ్చలుగా అంటుకుని ఉండేవి లైకెన్లు. ముప్పై ఏళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పినవాడిని. ఏటా ఒక పీరియడులో శిలీంధ్రం, అంటే బూజు జాతిది, ఇల్లు కట్టిపెడుతుంది, శైవలం, అంటే నాచు జాతిది, వంట చేసిపెడుతుంది, రెండూ కలిసి బతుకుతాయి, దీన్నే సహజీవనం అంటారని బోర్డు మీద రాసి ముగించేవాణ్ణి. కిటికీలోంచి గుట్ట కనిపించే ఆ తరగతి గదిలోంచి పిల్లల్ని ఒక్కనాడు కూడా బండ దగ్గరికి తీసుకుపోలేదు. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే తప్పు. లైకెన్ ఒక్క ప్రాణి కాదు, రెండు ప్రాణుల కూటమి అని స్విట్జర్లండుకు చెందిన సైమన్ ష్వెండెనర్ 1867లో ప్రకటించినప్పుడు ఆ రోజుల్లోని పేరున్న లైకెన్ పండితులే నమ్మలేదు. అది నిజమని ఇప్పుడు పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు, కానీ దాన్ని గోటితో తాకి చూసినవాడు అరుదు.

లైకెన్ అన్న మాట మనకు కొత్తదైనా వస్తువు కొత్తది కాదు. కడపలో ఏ మసాలా అంగడికి వెళ్ళి అడిగినా రాతిపువ్వు ఇస్తారు. పైన బూడిదరంగు, అడుగున నలుపు, ఎండిన ఆకుల్లా ముడుచుకుపోయిన ఆ తునకలే లైకెన్లు. హిమాలయాల నుంచీ పడమటి కనుమల నుంచీ వచ్చే సరుకు. నూనెలో పడగానే మట్టివాసనకూ పొగవాసనకూ మధ్య ఒక కమ్మదనం లేస్తుంది. మన బిర్యానీకి ఆ వాసన ఇచ్చేవాటి చుట్టాలే మా గుట్ట బండల మీద ఉన్నాయి. తేడా ఏమిటంటే ఇవి రేకుల్లా లేచి ఉండవు. రాయికి రంగు వేసినట్టు అంటుకుపోయి, కొడవలితో గీకినా ఊడి రాని రకం.

ఇవి ఎలా బతుకుతాయో నాకు మొదట అర్థమయ్యేలా చెప్పింది పుస్తకం కాదు, మేకలు కాచుకునే మా ఊరి పెద్దాయన. మూడు నాలుగు రోజులుగా ఒకే బండ దగ్గర నన్ను చూసి, కర్ర ఊనుకుని నిలబడి, "ఏం సారూ, ఈడ ఏమన్నా పారేసుకున్యావా?" అని అడిగాడు. బండ మీది మచ్చలు చూస్తున్నాను మామా అన్నాను. "అది బండపాచి సారూ. ఎండాకాలమంతా సచ్చినట్ల పడుంటాది. మంచు పడిన పొద్దు వచ్చి చూడు, పచ్చగా లేసింటాది" అన్నాడు. శాస్త్రం చెప్పేది కూడా అదే. లైకెన్‌కు వేరు లేదు, నీటిని పట్టి ఉంచుకునే పొర లేదు. ఎండకు ఎండిపోయి, ఒంట్లో పని అంతా ఆపేసి, నెలల తరబడి అలాగే ఉండిపోగలదు. వానచినుకో మంచో తగిలిన కొద్ది నిమిషాల్లో తిరిగి పని మొదలుపెడుతుంది. కొన్ని రకాలకు తడి కూడా అక్కర లేదు, తెల్లవారుజామున గాలిలో ఉండే తేమ చాలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే అనంతపురం, దానికంటే కాస్త మెరుగైన మా కడప, ఇలాంటి చోట్ల ఇంతకంటే తగిన బతుకు ఏముంటుంది? మనం కరువు అనే దానికి ఇది తన లోపల ముందే చోటు కల్పించుకుంది.

ఈ ఎండు మచ్చలను తినే పురుగు వేరొకదానికి తినడానికి వీలు లేని దాన్ని తింటున్నట్టే. లైకెన్లు చేదైన రసాయనాలు తయారు చేసుకుంటాయి, చాలా పురుగులు వాటి జోలికి పోవు. కానీ లైకెన్ చిమ్మటల గొంగళిపురుగులకు దవడల లోపలి అంచున గరుకైన దిమ్మె ఒకటి ఉంటుంది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మోలా, అంటే లాటిన్‌లో తిరగలి రాయి. ఆకు తినే పురుగులా కొరికి మింగడం కాకుండా, ఇవి బండను గీకి, తిరగలిలో వేసినట్టు నూరుకుని తింటాయి. ఇదే తెగలో కొన్ని లైకెన్ జోలికి పోకుండా చెట్టు బెరడు మీదా రాతి మీదా పట్టిన పచ్చని శైవలాన్ని మాత్రమే గీక్కుంటాయి. లైకెన్ తినేవి ఆ చేదును విసర్జించకుండా ఒంట్లో దాచుకుంటాయి. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆ రసాయనాలు రెక్కలు వచ్చిన చిమ్మట ఒంట్లో కూడా మిగిలి ఉంటాయని యూరప్ జాతుల మీద జరిగి 1995లో వెలువడిన పరిశోధన చూపింది. నన్ను ముట్టుకుంటే చేదు అని పక్షులకు ముందే చెప్పే రంగులుగానే ఈ తెగలోని ఎరుపూ పసుపూ పట్టీలను శాస్త్రజ్ఞులు అర్థం చేసుకుంటారు. బండలోని చేదే చిమ్మట రెక్క మీద రంగై కనిపిస్తున్నదని నేను అనుకుంటాను.

ఈ తెగ పేరులోనే రాయి ఉంది. 1798లో కీటక శాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ పెట్టిన లిథోసియా అన్న పేరు నుంచి ఈ తెగకు లిథోసైనీ అన్న పేరు వచ్చింది; లిథోస్ అంటే గ్రీకు భాషలో రాయి. ప్రపంచం మొత్తం మీద ఈ తెగలో 3,000కు పైగా జాతులు ఉన్నాయి. మన దేశపు చిమ్మటలను కీటక శాస్త్రజ్ఞుడు జార్జ్ హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాలుగా వర్ణించినప్పుడు ఈ తెగకూ చోటిచ్చాడు. ఆ లెక్క ఇంకా ముగియలేదు: 2025లో భారత జంతు సర్వేక్షణ సంస్థ శాస్త్రజ్ఞులు సిక్కిం నుంచి కాలోసెరా హాలోవేయి, పశ్చిమ బెంగాల్ నుంచి అసురా బుక్సా అని రెండు కొత్త లైకెన్ చిమ్మటలను ప్రకటించారు. తూర్పు హిమాలయం పచ్చగా ఉంటుంది, అక్కడ కొత్తవి దొరకడం సహజం అని ఎవరైనా అనవచ్చు. అయితే వెతికిన చోట దొరుకుతాయి. ఎర్రమల, నల్లమల, పాలకొండ, లంకమల బండల మీద వానాకాలపు రాత్రుల్లో తెల్లగుడ్డ కట్టి, దీపం పెట్టి, దాని మీద వాలే చిమ్మటల కోసం కూర్చుని చూసినవారు ఎందరు? ఖాళీగా ఉందని రాయడానికి ముందు అడగవలసిన ప్రశ్న అది.

ఇక్కడ మన ప్రాంతపు రైతుల తరఫున ఒక మాట చెప్పుకోవాలి. చిమ్మట అనగానే రాయలసీమ రైతు ముఖం చిట్లించడానికి కారణం ఉంది. మా నాన్న వేరుశెనగ వేసిన ఏళ్ళలో, తొలకరి పడిన రెండు మూడు రోజులకు గట్ల మీద మంటలు వేసేవారు. పది నెలల దాకా నేలలో ప్యూపాలుగా ఉన్న ఎర్ర గొంగళి పురుగు ఆ వానకు చిమ్మటలై లేస్తుంది. తెల్లని రెక్క, ముందు అంచున పసుపు చార. అవి గుడ్లు పెట్టకముందే మంటల్లో పడాలి. పడకపోతే పొదిగిన పిల్లలు మందలు మందలుగా ఒక చేను తిని ఇంకో చేనికి నడిచి పోతాయి. ఆ నడకకు అడ్డంగా చాళ్ళు తవ్వి మందు చల్లిన రాత్రులు నాకు గుర్తున్నాయి. అలాంటి ఇంట్లో పుట్టినవాణ్ణి, పురుగులన్నీ మంచివే అని చెప్పను.

అయితే ఆ ఎర్ర గొంగళి పురుగూ మా బండ మీది చిమ్మటా ఒకే ఉపకుటుంబం, ఆర్క్టియినే. ఒకే ఇంటి పేరున్న ఇద్దరిలో ఒకరు ఊరి చేను తింటే ఇంకొకరు ఎవరికీ అక్కర లేని రాతి మచ్చలు తిని బతుకుతారు. లైకెన్ చిమ్మట గొంగళిపురుగు మన వరికీ కందికీ పత్తికీ వేరుశెనగకూ దేనికీ రాదు. మన వాడుకలో మాత్రం రెండూ దీపం పురుగులే, రెండూ కాలవలసినవే. దీపం మీద మోజుతో పడి చస్తాయన్న మాట కూడా నిజం కాదని ఇప్పుడు తెలిసింది. పైనున్న వెలుగే ఆకాశం అని నమ్మి, వీపును ఎప్పుడూ వెలుగు వైపు తిప్పి ఎగిరే అలవాటు వీటికి ఉంది; వెలుగు పక్కనో కిందనో ఉంటే దారి తప్పి దాని చుట్టూనే తిరుగుతూ చిక్కుకుపోతాయి. వేగంగా తీసిన వీడియోల ఆధారంగా 2024లో వచ్చిన పరిశోధన ఈ విషయం వివరించింది. అంటే మన గుట్ట పాదంలో రాత్రంతా వెలిగే తెల్లని ఎల్‌ఈడీ దీపం, పంట పురుగుకూ పంట జోలికి పోని పురుగుకూ ఒకే ఉచ్చు.

తిరిగి గుట్ట దగ్గరికి వస్తాను. కంకర వద్దు, బండలు వద్దు అని నేను అనడం లేదు, అనే అర్హత కూడా నాకు లేదు. నేను కూర్చుని రాస్తున్న ఈ ఇంటికి నేల కడప బండ, వంటగది గట్టు కడప బండ, మా పాత ఇంటి మిద్దె కూడా పలకబండలే. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు సున్నపురాయి మీద బతుకుతున్నాయో నాకు తెలుసు. నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మంది తండ్రులు గనుల్లో పనిచేసినవారే. రాయిని తవ్వడం తప్పని చెబితే వారి ముఖం చూడలేను. రాయిని ఖాళీ అని రాయడం తప్పని మాత్రం చెబుతాను. ఖాళీ అని రాసిన చోట ఎంత తవ్వాలి, ఏ వైపు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలే పుట్టవు. ఉన్నదని రాసిన చోట కనీసం ఆ ప్రశ్న ఒకరు అడుగుతారు.

దేశం మొత్తం మీద భూమి వాడకాన్ని ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టి ప్రభుత్వం ప్రచురించే బంజరు భూముల అట్లాసులో, చెట్టు చేమ లేని రాతి ప్రాంతానికి ఒక విభాగం ఉంది. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం సాయంతో తయారైన ఈ అట్లాసు 2019లో కూడా వెలువడింది. వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి తీసిన బొమ్మకు లైకెన్ కనిపించకపోవడంలో వింత లేదు. కానీ ఆ పేరు కింద పడిన ప్రతి గుట్టా, కింద ఉండే అధికారి బల్ల మీదికి వచ్చేసరికి, పోయినా ఫరవాలేని దానిగా మారుతోంది. బంజరు అన్న మాట పంట పండని నేలకు పెట్టిన పేరు. పంట పండకపోవడం వేరు, ప్రాణం లేకపోవడం వేరు.

లీజు కాగితాల్లో ఇంకో భరోసా ఉంది. తవ్విన దానికి బదులుగా మొక్కలు నాటుతారట. వేప, కానుగ నాటితే మంచిదే, నీడ వస్తుంది. కానీ అది పోయినదానికి బదులు కాదు. బండకు అంటుకుని పెరిగే లైకెన్లలో చాలా రకాలు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా విస్తరించవు. పోనీ మిల్లీమీటరు చొప్పున చుట్టూ పెరుగుతుందని అనుకున్నా, అరచేయంత వెడల్పు మచ్చ కావడానికి నలభై ఏళ్ళు కావాలి. ఆ గూడు దొరికిన బండ మీద నా రెండు చేతులు చాచినా ఒదగని మచ్చలు ఉన్నాయి. అవి మొలిచిన నాటికి మా తాత పుట్టి ఉండడు. మంచు రాలిన రాతి ముఖం, గాలి తగిలే వాలు, నీడ ఎంత, ఎండ ఎంత, వీటన్నిటినీ బట్టి ఎక్కడ పడితే అక్కడ కాకుండా అక్కడే కుదురుకున్న దాన్ని, పేలుడు మందుతో ఎగరగొట్టి, దాని పేరు మీద రోడ్డు పక్కన కానుగ మొక్క నాటడం ఏ లెక్కలో సరిపోతుంది? పైగా వేరు లేని ఈ ప్రాణి తనకు కావలసినదంతా గాలి నుంచీ వాన నుంచీ తీసుకుంటుంది గనుక గాలిలోని చెడును కూడా తప్పించుకోలేదు. పారిస్‌లో ఊరి నడుమ లైకెన్లు తగ్గిపోతున్నాయని, గాలి శుభ్రతకు అవి గుర్తు అని లైకెన్ శాస్త్రజ్ఞుడు విలియం నైలాండర్ 1866లోనే రాశాడు. కంకర మిల్లు దుమ్ము తవ్విన బండనే కాదు, తవ్వని బండ ముఖాన్ని కూడా కప్పేస్తుంది. దుమ్ము కప్పిన మచ్చ మీద తిరగలి దవడ ఏం నూరుకుంటుంది?

గుళ్ళ మీదా కోటగోడల మీదా పట్టిన లైకెన్ రాయిని తొలుస్తుంది కదా, దాన్ని కూడా వదిలేయమంటారా అని నా మిత్రుడొకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. లైకెన్లు విడిచే ఆమ్లాలు శిల్పాన్ని మెల్లగా కొరికేమాట నిజం. మనిషి చెక్కిన ముఖాన్ని కాపాడుకోవడానికి నిపుణులు దాన్ని తొలగిస్తే నేను అభ్యంతరం చెప్పను. శిల్పం ఒక్కసారే చెక్కినది. కానీ ఉత్సవాల ముందు గుడి వెనకాల ఉన్న సహజమైన బండలను కూడా ఇనుప బ్రష్షులతో రుద్ది, యాసిడ్ కొట్టి, సున్నమూ జాజూ పూసే అలవాటు ఈ మధ్య మా వైపు పెరిగింది. చెక్కని రాయికి ముఖం కడగవలసిన అవసరం ఏమిటో నాకు ఎంత ఆలోచించినా తోచదు.

ఈ నేల ఖాళీ కాదని మన జిల్లా ఇంతకు ముందొకసారి రుజువు చేసింది. పక్షి శాస్త్రజ్ఞుడు టి. సి. జెర్డన్ 1848 ప్రాంతంలో కనుగొన్న ఒక పక్షి, 1900లో అనంతపురం దగ్గర కనిపించిన తర్వాత మళ్ళీ ఎవరి కంటా పడక, అంతరించిపోయిందని అనుకున్నారు. 1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారికి అది మన లంకమల కొండల అంచు పొదల్లో సజీవంగా దొరికింది. దాని కోసమే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ప్రపంచం మరచిపోయిన ఆ పక్షికి మనవాళ్ళ నోట అప్పటికే ఒక పేరు ఉంది, కలివి కోడి. కలివి పొదల్లో రాత్రిపూట తిరిగేది అని మేకలవారికీ ఉచ్చులు వేసేవారికీ తెలుసు. ఆ పేరు ఉండబట్టే వెతికేవారు ఊళ్ళోవారిని అడగగలిగారు, ఊళ్ళోవారు చెప్పగలిగారు. ముళ్ళపొదల రాళ్ళ నేలను ఎవరికీ పట్టని నేలగా చూసిన కాలంలోనే అది ఒక పక్షికి చివరి నెలవుగా ఉండింది.

మా చిమ్మటకు అలాంటి పేరు లేదు. ఉంటే, గుట్ట మీద ఏముంది అని సర్వేకు వచ్చినవారు అడిగినప్పుడు మేకల పెద్దాయన ఒక్క మాటతో చెప్పగలిగేవాడు. బండపాచికి ఆయన దగ్గర మాట ఉంది, మేకలకు పనికిరాదని కూడా తెలుసు. దాన్ని తినే పురుగుకు మాట లేదు. అందుకే మసాలా అంగడిలో ఇప్పటికే వాడుకలో ఉన్న పేరును పట్టుకుని, వీటిని రాతిపూల చిమ్మటలు అని పిలుస్తున్నాను. సయానా ప్రజాతి వాటికి మాత్రం, మా ఇంటికి వచ్చే పిల్లలకు ఆ గూటి ఫోటో చూపించినప్పుడు వారే పెట్టిన పేరు ఒకటి ఉంది, గంప పురుగు. ఆ పేరే నాకు ఎక్కువ నచ్చింది. పుస్తకంలోకి ఎక్కకపోయినా ఫరవాలేదు, ఊళ్ళో నిలబడితే చాలు.

దీనివల్ల మనకేం లాభం అని అడిగేవారికి నేను వైద్యంలో పనికొస్తుందనో, పర్యాటకులు వస్తారనో ఆశ చూపించదలచుకోలేదు. లాభం చూపితే తప్ప ఉండే హక్కు లేదని ఒప్పుకుంటే, రేపు ఇంకో లాభం పెద్దదిగా కనిపించిన రోజున ఆ హక్కు కూడా పోతుంది. నేను చెప్పగలిగింది ఇంతే: ఏ పంటా పండని రాతి మీద, ఏ ఎరువూ లేకుండా, మనం కరువు అని ఏడ్చే ఏడాదిలో కూడా, శిలీంధ్రమూ శైవలమూ కలిసి వండుకున్న తిండిని ఒక పురుగు తిరగలి పట్టి తిని, దాని చేదును రెక్కల రంగుగా మార్చుకుని, సొంత వెంట్రుకలతో ఇల్లు కట్టుకుంది. ఆ పురుగును గబ్బిలమో బల్లో తింటుంది, లేదా చేదని వదిలేస్తుంది. ఇదంతా ఒక సర్వే నంబరులో జరుగుతోంది. ఆ సర్వే నంబరు ఎదురుగా ఏమీ లేదని రాయడం అబద్ధం, అది దస్త్రంలో ఉండకూడదు.

జనవరిలో నేను సంబంధిత కార్యాలయానికి ఒక అర్జీ పెట్టాను. లీజు ఆపమని అడగలేదు. వానాకాలంలో, రాత్రిపూట, కనీసం మూడు సార్లు పరిశీలించకుండా ప్రాణులు లేవని రాయవద్దని, గుట్ట తూర్పు ముఖాన్ని, అంటే మంచు నిలిచి మచ్చలు దట్టంగా ఉన్న వైపును, తవ్వకం నుంచి వదిలేయమని అడిగాను. గూటి ఫోటోలూ, చిమ్మట ఫోటోలూ, తేదీలూ జతపరిచాను. గుమస్తా ముద్ర వేసిన నకలు ఇచ్చి, "పురుగు ఫోటోలు కూడా పెట్టారా సార్?" అని ఒకటికి రెండుసార్లు తిప్పి చూశాడు. వెటకారం లేదు ఆ మాటలో. రెండో ఫోటో దగ్గర ఆగి, ఆ గంప ఎవరు అల్లారని అడిగాడు. చెప్పాను. పక్క బల్ల ఆవిడను పిలిచి చూపించాడు.

గంప ఇంకా ఆ బండ అంచు కిందే ఉంది. వేసవి గాడ్పులకు ఒక మూల వాసాలు ఊడి వేలాడుతున్నాయి, మిగతా ముడులు అలాగే ఉన్నాయి. దానికి నాలుగు అడుగుల అవతల, బండ మీద ఎవరో ఎర్ర రంగుతో ఒక బాణం గుర్తూ రెండు అంకెలూ వేసిపోయారు. రంగు ఒక పెద్ద నిమ్మపండు రంగు మచ్చ మీదుగా పోయింది. ఈసారి తొలకరికి మా నాన్న పాత తెల్ల పంచె ఒకటీ, ఛార్జింగు లాంతరు ఒకటీ తీసి పెట్టుకున్నాను. పంచె కట్టడానికి రెండు వెదురు కర్రలు మేకల పెద్దాయన ఇస్తానన్నాడు. తానూ వస్తానని, గంప పురుగు ఎట్లుంటాదో తన కండ్లతో చూడాలని కబురు పంపాడు.